పని మీద తిరిగే కారుకు ఆదాయపు పన్నులో నిజంగా తగ్గేది ఎంత?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. గుంటూరు కొత్తపేటలో మీ సొంత పేరు మీద సర్జికల్ సామగ్రి పంపిణీ వ్యాపారం నడుస్తోంది, టర్నోవర్ 3 కోట్ల 60 లక్షలు, పన్ను లెక్కకు వచ్చే ఆదాయం సుమారు 18 లక్షలు. 2025 నవంబరు 12న 11,80,000 రూపాయల షోరూమ్ ధరకు చిన్న కారు కొన్నారు. అందులో 10 లక్షలు బ్యాంకు అప్పు. ఆ కారులోనే తెనాలి, నరసరావుపేట, విజయవాడ ఆసుపత్రులకు తిరుగుతారు, ఆదివారం కుటుంబమూ అందులోనే వెళుతుంది. కారు ధరలో 30 శాతం తరుగుదల (వాడేకొద్దీ తగ్గే విలువను ఏటా ఖర్చుగా రాసుకోనిచ్చే మొత్తం) వస్తుందని, చెల్లించిన 1,80,000 జీఎస్టీ మొత్తం వెనక్కి వస్తుందని, ఈఎంఐ అంతా ఖర్చు కింద రాసుకోవచ్చని మీ మిత్రుడు చెప్పారు. దీనితోపాటు, సొంత బండి మీద కంపెనీ పని చేసే మెడికల్ రిప్రజెంటేటివ్ అయిన మీ బావమరిదికి ఏమైనా వస్తుందా అనీ అడిగారు.

మీ మిత్రుడు చెప్పిన మూడింటిలో ఒక్కటీ మీకు వర్తించదు. అయితే మీకు న్యాయంగా రావలసినది ఉంది, అది ఆయన చెప్పినదానికంటే బాగా తక్కువ. విజయవాడ గవర్నర్‌పేటలో ఇరవై ఏళ్లకు పైగా రిటర్నులు వేస్తున్న అనుభవంతో చెబుతున్నాను, కారు విషయంలో మా దగ్గరకు వచ్చే తగాదాలు చాలావరకు శాతాల గురించి కావు. కారు ఎంత మేరకు వ్యాపారానికి తిరిగిందో చూపించలేకపోవడం వల్ల వచ్చినవే ఎక్కువ. అందుకే ఆ భాగాన్ని వివరంగా రాసి, మిగిలినవి త్వరగా ముగిస్తాను.

2025-26 ఆర్థిక సంవత్సరానికి ఇప్పుడు వేసే రిటర్నుకు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమే వర్తిస్తుంది. 2025లో చేసిన కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది కాబట్టి వచ్చే ఏడాది రిటర్నులో సెక్షన్ల సంఖ్యలు మారతాయి. నేను ఇక్కడ ఇచ్చేవన్నీ పాత చట్టంలోని సంఖ్యలే. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి తరుగుదల రాదన్న మాట కూడా బయట వినిపిస్తోంది. అది పొరపాటు. కొత్త యంత్రాల మీద ఇచ్చే అదనపు తరుగుదల మాత్రమే ఆ విధానంలో లేదు, వ్యాపారానికి వాడే కారు మీద మామూలు తరుగుదల రెండు విధానాల్లోనూ ఉంది.

ముందుగా మీ మిత్రుడి సంగతి. ఆయన టర్నోవర్ 60 లక్షలేనని, ఏటా అందులో 6 శాతం లాభంగా చూపి రిటర్ను వేస్తారని మీరే రాశారు. అది 44ఏడీ సెక్షన్ కింద ఉన్న అంచనా లాభం పద్ధతి. టర్నోవర్ 2 కోట్ల లోపు ఉన్నవారికి, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 3 కోట్ల వరకు, అది అందుబాటులో ఉంటుంది. బ్యాంకు ద్వారా వచ్చిన వసూళ్ల మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభం చూపితే చాలు. ఆ పద్ధతిలో తరుగుదల, పెట్రోలు, వడ్డీ అన్నీ అప్పటికే తీసివేసినట్టుగా చట్టం భావిస్తుంది. అంటే ఆయన కారు కొన్నా, కొనకపోయినా పన్ను ఒక్క రూపాయి కూడా తగ్గదు. పైగా ఏటా తరుగుదల ఇచ్చేసినట్టే లెక్కించి కారు పుస్తక విలువను తగ్గించుకుంటూ పోతారు. కారు కోసమని ఆయన ఆ పద్ధతిని వదిలి తక్కువ లాభం చూపితే, తరువాతి ఐదేళ్లు తిరిగి అందులోకి రాలేరు, ఆదాయం కనీస మినహాయింపు పరిమితి దాటితే పుస్తకాలు రాసి ఆడిట్ కూడా చేయించుకోవలసి వస్తుంది. లక్ష రూపాయల తరుగుదల కోసం అంత పని పెట్టుకోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లకు 44ఏడీఏ కింద వసూళ్లలో సగం లాభంగా చూపే వెసులుబాటు ఉంది. అక్కడ కూడా కారు ఖర్చులు మిగిలిన సగంలో కలిసిపోయినట్టే. ఇక మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసేవారికి 44ఏడీ వర్తించదు, కమిషన్, బ్రోకరేజి ఆదాయాలను చట్టమే అందులోంచి తప్పించింది. మీ టర్నోవర్ 3 కోట్లు దాటింది కనుక మీరు ఎలాగూ పుస్తకాలు రాసేవారే. కాబట్టి కింద రాసినదంతా మీకు పనికి వస్తుంది.

తరుగుదల రేటు విషయానికి వస్తే, మీలాంటి వ్యాపారి వాడుకునే కారుకు ఏడాదికి 15 శాతమే. 30 శాతం అనేది బస్సులు, లారీలు, ట్యాక్సీలను అద్దెకు తిప్పడమే వ్యాపారంగా ఉన్నవారికి మాత్రం. మీ సరుకును మీరే చేరవేసుకోవడానికి లారీ కొన్నా అది 15 శాతంలోకే వస్తుంది. ఎందుకంటే అది అద్దెకు తిరగడం లేదు. 2019 ఆగస్టు 23 నుంచి 2020 మార్చి 31 మధ్య కొని వాడకంలో పెట్టిన కార్లకు ప్రత్యేకంగా 30 శాతం ఇచ్చారు. మీ మిత్రుడు చెప్పిన అంకె బహుశా ఆ రోజుల నుంచి మిగిలిపోయినది కావచ్చు.

ఆ 15 శాతం కూడా మీకు ఈ ఏడాది పూర్తిగా రాదు. కొన్న సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే సగమే ఇస్తారు. నవంబరు 12 నుంచి మార్చి 31 వరకు లెక్కిస్తే 140 రోజులు, కాబట్టి మీకు 7.5 శాతం. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గి చిన్న కార్లు 28 నుంచి 18 శాతానికి దిగాయి, దసరా అక్టోబరు 2న వచ్చింది. 180 రోజులు నిండాలంటే అక్టోబరు 3 నాటికి కారు వాడకంలో ఉండాలి. దసరా రోజున బండి తీసుకుని మరునాటి నుంచే పనిలో పెట్టిన వ్యాపారులకు ఏడాది తరుగుదల మొత్తం దక్కింది, దీపావళి దాకా ఆగినవారికి సగమే దక్కింది. ముహూర్తానికీ తరుగుదలకూ సంబంధం ఉంటుందని ఆ ఏడాది మా క్లయింట్లకు అర్థమైంది. అయితే చట్టం అడిగేది కొన్న తేదీ కాదు, వాడకంలో పెట్టిన తేదీ. ఇంద్రకీలాద్రి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఇంటి ముందు కవరు కప్పి నిలబెట్టిన కారు వ్యాపార వాడకంలోకి వచ్చినట్టు కాదు.

ఎంత మీద తరుగుదల లెక్కించాలన్నది తరువాతి మాట. షోరూమ్ ధర 11,80,000కు మీరు రాసిన లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చులు 1,70,000 కలిపితే 13,50,000 అవుతుంది, ఇదే మీ కారు విలువ. బీమా ప్రీమియం ఇందులో కలవదు, అది ఏటా వచ్చే ఖర్చు. బిల్లులో 11,800 రూపాయల టీసీఎస్ (అమ్మేవారు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కనిపిస్తుంది, 10 లక్షలు దాటిన వాహనం అమ్మితే డీలరు ఒక శాతం వసూలు చేసి మీ పాన్ మీద జమ చేస్తాడు. దాన్ని కారు ధరలో కలపకూడదు, ముందుగా చెల్లించిన పన్నుగా రిటర్నులో చూపుకోవాలి. ఇది మీ పాన్ మీద జమ అయిన పన్నుల పట్టిక అయిన ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రూపాయికి రూపాయి తగ్గుతుంది. అయినా చాలామంది దీన్ని మరిచిపోతారు. డౌన్‌పేమెంట్‌లో కొంత నగదుగా ఇచ్చారేమో చూసుకోండి. ఒక రోజులో ఒకే వ్యక్తికి 10,000 మించి నగదుగా ఇచ్చిన భాగం కారు విలువలోకి రాదు, దాని మీద తరుగుదల ఎప్పటికీ ఉండదు.

1,80,000 జీఎస్టీ వెనక్కి వస్తుందన్నది మూడు మాటల్లోనూ ప్రమాదకరమైనది. డ్రైవరుతో కలిపి 13 సీట్లు మించని ప్రయాణికుల వాహనం మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని మీరు కట్టవలసిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడాన్ని) జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ నిలిపివేసింది. వాహనాలు అమ్మేవారికి, ప్రయాణికులను చేరవేసే వ్యాపారం చేసేవారికి, డ్రైవింగ్ స్కూలు వారికి మాత్రం మినహాయింపు ఉంది. మీ కారు సర్వీసింగు, బీమా మీద కట్టిన జీఎస్టీకి కూడా ఇదే నిషేధం ఉంది. పెట్రోలు జీఎస్టీలోనే లేదు కనుక అక్కడ ప్రశ్నే రాదు. ఇప్పటికే 3బీ అనే జీఎస్టీ రిటర్నులో ఆ మొత్తం క్రెడిట్ తీసుకుని వాడేసి ఉంటే, 18 శాతం వడ్డీతో వెనక్కి కట్టవలసి వస్తుంది, నోటీసు రాకముందే సరిచేసుకోండి. క్రెడిట్ రాని జీఎస్టీ కారు విలువలో భాగమే కనుక దాని మీద తరుగుదల మాత్రం వస్తుంది. ఆసుపత్రులకు సరుకు వేయడానికి మీరు కారుకు బదులు చిన్న ట్రాలీ కొని ఉంటే, అది సరుకు రవాణా వాహనం కాబట్టి క్రెడిట్ పూర్తిగా వచ్చేది, కానీ క్రెడిట్ తీసుకున్న జీఎస్టీ మీద తరుగుదల కోరకూడదు.

ఈఎంఐలో అసలు ఖర్చు కాదు, వడ్డీ మాత్రమే ఖర్చు. బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ తెప్పించుకోండి. మీ లెక్క ప్రకారం మార్చి వరకు అది 33,000.

ఇప్పుడు అసలు విషయం. కారు పూర్తిగా వ్యాపారానికే కాకుండా ఇంటికీ వాడితే, తరుగుదలనూ ఖర్చులనూ న్యాయమైన నిష్పత్తికి కుదించే అధికారం 38(2) సెక్షన్ అసెస్‌మెంట్ అధికారికి ఇచ్చింది. మీరు మీ నిష్పత్తిని ఆధారంతో చూపకపోతే ఆయన తన అంచనాతో ఐదో వంతో, నాలుగో వంతో, మూడో వంతో కొట్టివేస్తారు, దాన్ని అప్పీలులో ప్రశ్నించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. మేము వేసే రిటర్నుల్లో ఇంటి వాడకాన్ని మేమే ముందుగా తీసివేసి చూపుతాము. తన వాటాను తానే తగ్గించుకున్న వ్యాపారి మాటకు ఉండే విలువ, నూటికి నూరు వ్యాపారమే అని రాసి పెళ్లి ఫోటోల్లో అదే కారుతో కనిపించిన వ్యాపారి మాటకు ఉండదు.

ఆధారం అంటే లాగ్‌బుక్. ఉద్యోగి కారు ఖర్చులను యజమాని తిరిగి చెల్లించే సందర్భంలో ఆదాయపు పన్ను రూల్ 3 ఒక రికార్డును అడుగుతుంది, ప్రయాణం తేదీ, వెళ్లిన చోటు, తిరిగిన కిలోమీటర్లు, పెట్టిన ఖర్చు అందులో ఉండాలి. వ్యాపారికి ఇటువంటి నమూనా ఏదీ చట్టం నిర్దేశించలేదు, కానీ అధికారికి అలవాటైన రూపం ఇదే కనుక నేను మా క్లయింట్లందరి చేతా దీన్నే రాయిస్తాను. మీరు అదనంగా ఎవరిని కలిశారో, ఏ పని మీదో రాసుకోండి. ‘తెనాలి, ఆసుపత్రి, బకాయి వసూలు, 58 కి.మీ.’ అన్నంత చాలు. ఇంటి నుంచి కొత్తపేట దుకాణానికి రోజూ వెళ్లివచ్చే దూరాన్ని సొంత వాడకంగానే చూపమని నా సలహా. ఆ కొద్ది కిలోమీటర్ల కోసం మిగతా లాగ్ మీద అనుమానం తెచ్చుకోవడం లాభసాటి బేరం కాదు.

పదేళ్ల కిందట మా దగ్గరకు వచ్చిన ఒక మిర్చి కమిషన్ వ్యాపారి లాగ్‌బుక్ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఏడాది మొత్తం ఒకే కలంతో, ఒకే తీరు చేతిరాతతో, ఒకే సాయంత్రం కూర్చుని రాసినది. ప్రతి పని దినమూ ఇంటి నుంచి యార్డుకు, యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు తిరిగినట్టు నీటుగా ఉంది. వేసవిలో యార్డుకు సెలవులు ఇచ్చిన రోజుల్లో కూడా ఆ కారు అలాగే యార్డుకు వెళ్లి వచ్చింది! విచారణలో ఆ ఒక్క అంశం పట్టుకుని మూడో వంతు ఖర్చు తీసేశారు. ఆయన నిజంగా కారును పనికే తిప్పాడని నాకు తెలుసు, లాగ్ లేకుండా ఇతర కాగితాలు మాత్రం పెట్టి ఉంటే ఐదో వంతుతో బయటపడేవాడని ఇప్పటికీ అనుకుంటాను.

మీరు నవంబరు నుంచి మార్చి వరకు లాగ్ రాయలేదన్నారు. వెనుక తేదీలు వేసి ఇప్పుడు ఒక పుస్తకం సృష్టించవద్దు. దాని బదులు ఉన్న ఆధారాలతో ఒక పట్టిక తయారు చేసి, ఇది తరువాత కూర్చినదని దాని పైనే రాయండి. మీకు ఆధారాలకు కొదవ లేదు. విజయవాడ వెళ్లిన ప్రతిసారీ కాజ టోల్‌ప్లాజా దగ్గర ఫాస్టాగ్ ఆ తేదీని, వేళను నమోదు చేసింది, మీరు తీసుకున్న 3,000 రూపాయల వార్షిక పాస్ మీద దాటినా ఆ వివరం ఉంటుంది. ఆసుపత్రులకు ఇచ్చిన డెలివరీ చలాన్ల మీద తేదీలు, సంతకాలు ఉన్నాయి. పెట్రోలు బంకులో ఫోన్ ద్వారా చెల్లించినవి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉన్నాయి. మొదటి సర్వీసు బిల్లు మీద మీటరు రీడింగ్ రాసి ఉంటుంది. ఒక మంగళవారం టోల్ దాటిన వేళకూ, అదే రోజు విజయవాడ ఆసుపత్రి స్టోర్స్ వారు చలాన్ మీద వేసిన ముద్రకూ పొంతన కుదిరితే, దానికి మించిన లాగ్‌బుక్ ఉండదు. ఆదివారాలు దాటిన టోల్‌ను మాత్రం నిజాయితీగా ఇంటి వాటాలో వేయండి.

మీ మీటరు మార్చి 31 నాటికి 8,400 చూపిందని, చలాన్ల ప్రకారం పని మీద తిరిగినది 5,880 వరకు ఉంటుందని మీరే లెక్క కట్టారు, అంటే 70 శాతం. ఈ నిష్పత్తితో చూద్దాం. తరుగుదల 13,50,000 మీద 7.5 శాతం చొప్పున 1,01,250. పెట్రోలు 62,000, మార్చి 31 వరకు చెందే బీమా వాటా 16,000, టోల్ పాస్ 3,000, సర్వీసు 6,000, వడ్డీ 33,000 కలిపి 1,20,000. మొత్తం 2,21,250లో 70 శాతం 1,54,875. మీ ఆదాయం 16 నుంచి 20 లక్షల మధ్య ఉంది, కొత్త విధానంలో ఆ భాగానికి పన్ను 20 శాతం, సెస్‌తో 20.8. కాబట్టి మీకు నిజంగా తగ్గే పన్ను 32,214 రూపాయలు. పదమూడున్నర లక్షల కారు కొన్న ఏడాదిలో చేతికి మిగిలేది ఇంత. పన్ను కోసం కారు కొనమని సలహా ఇచ్చేవారికి ఈ అంకె చూపించండి. అవసరానికి కొన్న కారుకు ఇది మంచి ఊరటే, కాదనను.

బీమా వాటా అని ఎందుకు అన్నానంటే, కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమాను మూడేళ్లకు ఒకేసారి కట్టించుకుంటారు. మీరు పద్దులు రాసే పద్ధతిలో రానున్న ఏళ్లకు చెందిన ప్రీమియం ఈ ఏడాది ఖర్చు కాదు, దాన్ని ముందస్తు చెల్లింపుగా చూపి ఆయా సంవత్సరాలకు పంచాలి. వచ్చే ఏడాది తరుగుదల మొత్తం 15 శాతం వస్తుంది, మిగిలిన విలువ 12,48,750 మీద లెక్కిస్తే అది 1,87,312. అందులో మీ వ్యాపార వాటాయే మీకు ఖర్చు. ఏప్రిల్ 1 నాటి మీటరు ఫోటో తీయకపోతే ఈ రోజే తీసి ఫోనులో దాచుకోండి, అక్కడి నుంచి లాగ్ రాయడం మొదలుపెట్టండి.

కారు ఆర్‌సీ మీ పేరునే ఉంది, వ్యాపారమూ మీ పేరునే ఉంది కనుక యాజమాన్యం గురించి మీకు చిక్కు లేదు. భాగస్వామ్య సంస్థల్లో కారు ఒక భాగస్వామి పేరున ఉంటే, డబ్బు సంస్థ ఖాతా నుంచే వెళ్లిందని, అప్పు వాయిదాలు సంస్థే కడుతోందని, కారు సంస్థ ఆస్తుల పట్టికలో ఉందని చూపగలగాలి. రిజిస్ట్రేషన్ పేరు ఒక్కటే యాజమాన్యానికి కొలమానం కాదని సుప్రీంకోర్టు 1999లో మైసూర్ మినరల్స్ కేసులోనూ, 2013లో లీజు వాహనాలకు సంబంధించిన ఐసీడీఎస్ కేసులోనూ చెప్పింది. అయినా చిన్న సంస్థలు కారును మొదటి నుంచే సంస్థ పేరున కొంటే ఆ వాదన పెట్టుకునే అవసరమే రాదు.

మీ బావమరిది గారి విషయం వేరు. ఉద్యోగి తన సొంత వాహనం మీద తరుగుదల కోరే అవకాశం చట్టంలో లేదు, జీతం ఆదాయంలోంచి పెట్రోలు బిల్లులు తీసివేయడానికీ లేదు. కొత్త విధానంలో 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ ఆయనకు ఎలాగూ వస్తుంది. అది కాక, విధి నిర్వహణలో ప్రయాణానికని కంపెనీ ఇచ్చే అలవెన్సులో నిజంగా ఖర్చు పెట్టినంత మేరకు 10(14) సెక్షన్ కింద పన్ను ఉండదు, ఇది కొత్త విధానంలో కూడా నిలిచి ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లే ఖర్చు ఇందులోకి రాదు, డాక్టర్ల దగ్గరకు తిరిగేదే వస్తుంది. అలవెన్సు కాకుండా బిల్లుల మీద డబ్బు తిరిగి ఇచ్చే కంపెనీ అయితే, బండి సొంత పనికీ కొంత తిరుగుతున్నా 2025-26కు రూల్ 3 ప్రకారం ద్విచక్ర వాహనానికి నెలకు 900 రూపాయల వరకు పన్ను లెక్కలోకి తీసుకోరు. అంతకు మించిన మొత్తానికి పన్ను పడకూడదంటే పైన చెప్పిన లాగ్, దానితోపాటు ఆ ఖర్చు పూర్తిగా కంపెనీ పని మీదే అయిందని కంపెనీ ఇచ్చే ధృవపత్రం రెండూ ఉండాలి. మెడికల్ రిప్రజెంటేటివ్‌లు రోజూ ఏ డాక్టరును ఎక్కడ కలిశారో కంపెనీకి రిపోర్టు పంపుతూనే ఉంటారు. ఆయన ఆ రిపోర్టు నకలును నెలనెలా దాచుకుని, పక్కన కిలోమీటర్లు రాసుకుంటే ఆయన లాగ్ సగానికి పైగా పూర్తయినట్టే. ధృవపత్రం మాత్రం ఫారం 16 ఇచ్చేలోపే హెచ్‌ఆర్ వారిని అడిగి తీసుకోమనండి, ఆ తరువాత అడిగితే దొరకడం కష్టం.